రెండో ఏడాదిలో ఖాళీ అయ్యే సీట్లు

2008 మార్చిలో హార్వర్డ్ కాలేజీ ఒక ప్రకటన చేసింది. రాబోయే రెండు విద్యా సంవత్సరాల్లో వేరే యూనివర్సిటీల నుంచి మధ్యలో మారి వచ్చేవాళ్లను ఒక్కరినీ చేర్చుకోబోమని దాని సారాంశం. ఆ ఏటి దరఖాస్తులు అప్పటికే వచ్చి పడి ఉన్నాయి. వాటిలో మంచివి లేవని హార్వర్డ్ అనలేదు. విద్యార్థులుండే హౌస్‌లు కిక్కిరిసిపోయాయి, పడకలు లేవు, అంతే. 2010లో తలుపు మళ్లీ తెరిచారు గానీ ఓరగానే తెరిచారు. ఏటా వెయ్యికి పైగా దరఖాస్తులు వస్తే అక్కడ తీసుకునేది డజను మందిని, కాస్త అటూ ఇటూగా.

పేరున్న ఒక యూనివర్సిటీలో ఏడాదో రెండేళ్లో చదివి, అక్కడి నుంచి అంతే పేరున్న లేదా ఇంకాస్త పేరున్న మరో దానికి మారాలనుకునేవాళ్లు అమెరికాలో ఏటా వేలల్లో ఉంటారు. ఫ్రిస్కోలో, ఫ్రీమాంట్‌లో, ఎడిసన్‌లో ఉన్న మన ఇళ్లలోనూ అడ్మిషన్ల ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ ముచ్చట వినిపిస్తుంది. పిల్లాడికి ఫలానా చోట రాలేదు, పర్లేదు, ఏడాది చదివి ట్రాన్స్‌ఫర్ పెడదాం అంటారు. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. మొదటిసారి ర్యాంకు తగ్గింది, ఈ ఏడాది కష్టపడితే మంచి ర్యాంకు వస్తుంది, అప్పుడు సీటివ్వక ఏం చేస్తారు అని. ఎంసెట్, జేఈఈ క్లాసుల్లో పెరిగిన తల్లిదండ్రులకు ఇంకోలా తోచడం కష్టమే. కానీ ఈ సీట్లు ర్యాంకు వరుసలో పంచేవి కావు. ఆర్టీసీ బస్సులో మధ్య స్టాపులో ఎవరైనా దిగితేనే ఎక్కినవాడికి కూర్చునే చోటు. లోపలున్నవాళ్లు ఎంతమంది బయటికొచ్చారన్నదే మొదటి ప్రశ్న.

లోపలున్నవాళ్లేమో దిగరు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో మొదటి ఏడాది చేరిన నూరు మందిలో తొంభై ఏడెనిమిది మంది రెండో ఏడాదికీ అక్కడే కనిపిస్తారు. ప్రిన్స్‌టన్ అయితే 1990లో ట్రాన్స్‌ఫర్లు ఆపేసి, దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 2018లో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ విడతలో పిలిచింది 13 మందిని. స్టాన్‌ఫర్డ్‌లో వందకు ఒకరిద్దరికి దొరికితే గొప్ప. వీటి పక్కన కార్నెల్‌ను పెట్టి చూస్తే వేరే దేశంలా ఉంటుంది. అక్కడ ఏటా ఐదారు వందల మంది మధ్యలో వచ్చి చేరతారు. లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆ సంఖ్య వెయ్యి దాటుతుంది. కార్నెల్‌లో వ్యవసాయ కళాశాల లాంటివి న్యూయార్క్ రాష్ట్రం డబ్బుతో నడుస్తాయి, అందుకే ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీలతో వాటికి ఒప్పందాలున్నాయి. ఐవీ లీగ్ అంతటికీ కలిపి 'ట్రాన్స్‌ఫర్ అవకాశం ఇంత శాతం' అని లెక్కగట్టి అమ్మే కన్సల్టెంట్లను నమ్మనక్కర్లేదు. ఒక్కో సంస్థది ఒక్కో తీరు, అదే సంస్థలో కూడా ఒక్కో ఏడాది ఒక్కో తీరు.

ఎక్కువమందిని తీసుకునేవాళ్లు దయతోనే తీసుకుంటున్నారనుకోవద్దు. అమెరికాలో కాలేజీల పేరు ప్రతిష్ఠలను కొలిచే లెక్కలు చాలావరకు మొదటి ఏడాది చేరినవాళ్ల చుట్టూ తిరుగుతాయి. ఎంతమందిని తిరస్కరించారు, చేరినవాళ్ల సగటు శాట్ స్కోరు ఎంత అన్నవి ఆ బృందం మీదే. రెండో ఏడాదిలో వచ్చినవాళ్లు ఆ సగటుల్లోకి రారు. కాబట్టి ముందు గుమ్మం ఇరుకుగా ఉంచి పేరు తెచ్చుకుని, పక్క గుమ్మం నుంచి ఫీజులు నింపుకునే వీలుంది. కార్నెల్ ఇంకో పని కూడా చేస్తుంది. మొదటి ఏడాదికి కాదన్నవాళ్లలో కొందరికి, వేరేచోట ఏడాది చదివి మేమడిగిన గ్రేడ్లు తెచ్చుకుంటే రెండో ఏడాది సీటు మీదే అని ముందే మాటిస్తుంది. ఆ విద్యార్థి ఇంకో యూనివర్సిటీలో చేరి, అక్కడి రూమ్మేటుతో స్నేహం చేస్తూ, మనసులో మాత్రం మూటా ముల్లె సర్దుకునే ఉంటాడు. ఆతిథ్యమిచ్చే యూనివర్సిటీకి ఇది న్యాయం కాదనే నేననుకుంటాను. పిల్లలకు మాత్రం, మొత్తం ట్రాన్స్‌ఫర్ వ్యవహారంలో నిశ్చింత ఇచ్చే కొద్దివాటిలో ఇదొకటి.

ఒకప్పుడు ఈ విషయంలో కాలేజీల మధ్య ఒక మర్యాద ఉండేది. ప్రవేశాల సలహాదారుల జాతీయ సంఘం రాసుకున్న నీతి నియమావళి ప్రకారం, వేరేచోట చేరిపోయిన పాత దరఖాస్తుదారుకు ఉత్తరం రాసి 'మా దగ్గరికి మారిపో' అని పిలవకూడదు. విద్యార్థి తనంతట తాను అడిగితేనే మాట్లాడాలి. ఇది పోటీని తొక్కేయడమేనని అమెరికా న్యాయశాఖ పట్టుబట్టడంతో 2019 సెప్టెంబరులో ఆ నిబంధనను తీసేశారు. ఆటగాళ్ల సంగతి అంతకన్నా ముందే మారింది. కాలేజీ క్రీడల సంఘం 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది, 2024 నాటికి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడనిస్తామంది. బాస్కెట్‌బాల్ బాగా ఆడేవాడు నాలుగేళ్లలో మూడు యూనివర్సిటీలు మారగలడు. భౌతికశాస్త్రం బాగా చదివేవాడికి ఒక్కసారి మారడమే గగనం.

ఇంతకీ ఆ కొద్ది సీట్లు ఎవరికిస్తారు? ఇక్కడే పేరున్న చోటి నుంచి పేరున్న చోటికి వెళ్లాలనుకునేవాడికి అసలు దెబ్బ తగులుతుంది. ప్రిన్స్‌టన్ తలుపు తెరిచినప్పుడు ఎవరికోసం తెరుస్తున్నదో ముందే చెప్పింది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, కమ్యూనిటీ కాలేజీల్లో చదివినవాళ్లు, పేద ఇళ్ల పిల్లలు. వయసు మీరి చదువుకొచ్చేవాళ్ల కోసం కొలంబియాలో 1947 నుంచి స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్ ఉంది, యేల్‌లో ఎలై విట్నీ కార్యక్రమం ఉంది. కాలిఫోర్నియా అయితే ఈ వరుసను రాష్ట్ర విధానంగానే రాసుకుంది. 1960 నాటి మాస్టర్ ప్లాన్ ప్రకారం, హైస్కూలు పూర్తిచేసినవాళ్లలో పై ఎనిమిదో వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, పై మూడో వంతు స్టేట్ యూనివర్సిటీలకు అర్హులు. మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీలు తెరిచే ఉంటాయి. అక్కడ రెండేళ్లు చదివి పైకెక్కే దారి ఆ ప్లానులోనే ఉంది.

ఆ దారి ఎంత పకడ్బందీగా ఉంటుందో చూస్తే ముచ్చటేస్తుంది. కుపర్టినోలోని డీ ఆంజా కాలేజీలో చదివిన కాలిక్యులస్ కోర్సు బర్కిలీలో దేనికి సరిపోతుందో, లాస్ ఏంజెలెస్‌లో దేనికి సరిపోతుందో అసిస్ట్ అనే ప్రభుత్వ పట్టికలో కోర్సు కోర్సుకూ రాసి ఉంటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు నిర్ణీత గ్రేడ్లు తెచ్చుకున్న కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి సీటు ముందే ఖాయం చేస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఆ మాట ఇవ్వవు. అయినా అక్కడ కూడా మొదటి పిలుపు కమ్యూనిటీ కాలేజీవాళ్లకే. మెర్సెడ్ క్యాంపస్ నుంచి బర్కిలీకి మారాలనుకునేవాడు వాళ్ల తర్వాత, బయటి రాష్ట్రంలోని గొప్ప ప్రైవేటు యూనివర్సిటీ నుంచి వచ్చేవాడు ఇంకా తర్వాత. మన పిల్లాడు ఎక్కడో పెద్ద పేరున్నచోట గ్రేడ్ల సగటు 3.9 తెచ్చుకున్నా, డీ ఆంజాలో 3.8 తెచ్చుకున్న వెయిట్రెస్ కూతురు వాడికంటే ముందుంటుంది. నాకిది సబబుగానే కనిపిస్తుంది. ఒక మంచిచోట ఇప్పటికే కూర్చున్నవాడికి ఇంకో మంచిచోటు ఇవ్వడం కంటే, ఏ చోటూ లేనివాళ్లకు ఇవ్వడం మేలు.

అలాంటప్పుడు మంచిచోట ఉన్నవాడు దరఖాస్తు పెట్టాలంటే బలమైన కారణం కావాలి. ఆ కారణం వెతుక్కోవడానికి చేతిలో ఉండే సమయమూ తక్కువే. పెద్ద యూనివర్సిటీల్లో చాలావాటికి గడువు మార్చిలో ముగుస్తుంది, జవాబు మే, జూన్ నెలల్లో వస్తుంది. ఆగస్టులో చేరినవాడు మార్చికల్లా దరఖాస్తు పంపాలంటే, డిసెంబరు సెలవులకు ఇంటికొచ్చేసరికే వెళ్లిపోవాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. అప్పటికి చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టర్ గ్రేడ్లు. రెండో ఏడాదికి మారేవాళ్ల విషయంలో హైస్కూలు మార్కులు, పాత శాట్ స్కోరు ఇంకా బరువు తూగేది అందుకే. ఏ కాగితాలు చూసి మొదటిసారి వద్దన్నారో దాదాపు అవే కాగితాలు మళ్లీ వాళ్ల ముందుకు వెళ్తాయి. మూడో ఏడాదికి మారేవాళ్లకు కాలేజీ చదువే ముఖ్యమవుతుంది. హైస్కూల్లో తడబడి కాలేజీలో నిలదొక్కుకున్నవాళ్లకు ఆ రెండో ఏడాది ఆగడమే లాభం.

సిఫార్సు లేఖల దగ్గర ఇంకో చిక్కు. మూడు వందల మంది కూర్చునే హాలులో పాఠం చెప్పిన ప్రొఫెసర్‌కు ఈ పిల్ల ముఖం తెలియదు. లేఖ అడగడానికి వెళ్తే మొదటి మాట 'నా క్లాసు నచ్చలేదా?' అనే. ఆఫీస్ అవర్స్‌కు మొదటి వారం నుంచీ వెళ్లి కూర్చున్నవాళ్లకే ఆ లేఖలో రాయదగ్గ సంగతులుంటాయి. దీంతోపాటు ప్రస్తుత కాలేజీ డీన్ ఆఫీసు నుంచి క్రమశిక్షణ చర్యలేమీ లేవని ఒక నివేదిక, మధ్య సెమిస్టర్ గ్రేడ్ల పత్రం, ట్రాన్స్‌స్క్రిప్టు పంపాలి. ఇంట్లో ఉంటూ ఇంకో ఇల్లు వెతుకుతున్నట్టు సగం క్యాంపస్‌కు తెలిసిపోతుంది.

ఎందుకు మారాలనుకుంటున్నావన్న వ్యాసమే ఈ దరఖాస్తుకు గుండెకాయ. దాని మీద కోచింగులూ ఉన్నాయి, నమూనాలూ ఉన్నాయి. వాటిలో ముప్పాతిక వంతు 'ఇప్పుడున్న కాలేజీని తిట్టకు' అనే ఒక్క సలహాను తిప్పి తిప్పి చెబుతాయి. సలహా సరైనదే గానీ సరిపోదు. తిట్టకుండా రాసిన వ్యాసాలు కూడా చాలావరకు డొల్లగా ఉంటాయి, ఎందుకంటే 'మేధోవాతావరణం', 'విస్తృత అవకాశాలు' లాంటి మాటలు ఏ యూనివర్సిటీ పేరు పెట్టినా అతుకుతాయి. చదివేవాళ్లకు నిలబడి కనిపించేది, ఇక్కడ లేనిదీ అక్కడ ఉన్నదీ అయిన ఒక వస్తువు. ద్రావిడ భాషాశాస్త్రం చదవాలనుకున్న పిల్లకు ఉన్నచోట దక్షిణాసియా విభాగమే లేకపోవచ్చు. కంప్యూటర్ సైన్స్ కోసం చేరినవాడికి రెండో నెలలో నాడీశాస్త్రం మీద మనసు పడి, ఆ కాలేజీలో ల్యాబ్ లేకపోవచ్చు. ఇలాంటి కారణం నిజంగా ఉంటే వ్యాసం రాయడం పెద్ద పని కాదు. లేకపోతే ఎంత రాసినా, పేరు కోసమే వస్తున్నాడని మూడో పేరాకల్లా తెలిసిపోతుంది.

పేరు కోసం ఎంతదూరమైనా వెళ్లినవాడి కథ ఒకటి మసాచుసెట్స్ కోర్టు రికార్డుల్లో ఉంది. 2007లో ఎంఐటీ నుంచి వస్తున్నానని దొంగ ట్రాన్స్‌స్క్రిప్టు, దొంగ సిఫార్సు లేఖలు పెట్టి ఒక కుర్రాడు హార్వర్డ్‌లోకి మారాడు. అతను నిజానికి చదివింది మెయిన్ రాష్ట్రంలోని బోడన్ కాలేజీలో. అదీ చిన్నాచితకా కాలేజీ కాదు, దేశంలో మేలైనవాటిలో ఒకటి. ఆఖరి ఏడాదిలో పెద్ద ఫెలోషిప్పులకు దరఖాస్తు పెట్టినప్పుడు ఒక అధ్యాపకుడికి అనుమానం వచ్చి గుట్టు రట్టయింది. 2010లో నేరం ఒప్పుకున్నాడు.

సీటు వచ్చిందనుకుందాం. ఏం పోతుంది? మొదట పోయేవి క్రెడిట్లు. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2004 నుంచి 2009 దాకా కాలేజీలు మారినవాళ్లు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారని అందులో అంచనా కట్టారు. పేరున్న సంస్థల మధ్య నష్టం ఇంత ఉండకపోవచ్చుగానీ, రకం మాత్రం ఇదే. కోర్సును ఒప్పుకుంటారు, డిగ్రీకి కావలసిన గడిలో మాత్రం వేయరు. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాసి సంపాదించిన క్రెడిట్లను మొదటి యూనివర్సిటీ ఇచ్చి ఉండొచ్చు, రెండోది చెల్లదనొచ్చు. కొలంబియాకు వెళ్లినవాళ్లు అందరిలాగే అక్కడి కోర్ కరిక్యులం మొత్తం చదవాలి. కొత్తగా చేరి రెండేళ్లలో పట్టా తీసుకుందామనుకున్నవాడికి ప్లేటో నుంచి మొదలుపెట్టి చదవడానికే సగం వేళ సరిపోతుంది. హార్వర్డ్‌లో కనీసం రెండేళ్లు తమ దగ్గరే చదవాలన్నది నియమం. ఒక సెమిస్టర్ పెరిగినా ప్రైవేటు యూనివర్సిటీలో ముప్పై నలభై వేల డాలర్ల మాట.

మన ఇళ్లకు మరీ ముఖ్యమైన మెలిక కంప్యూటర్ సైన్స్. యూనివర్సిటీలోకి మారడం వేరు, ఆ మేజర్‌లోకి మారడం వేరు. టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో సీటు రాని రాష్ట్ర విద్యార్థులకు కోఆర్డినేటెడ్ అడ్మిషన్ అని ఒక దారి చూపిస్తుంది. ఆ వ్యవస్థలోనే ఉన్న ఇంకో క్యాంపస్‌లో ఏడాదిలో 30 క్రెడిట్లు, 3.2 సగటు తెచ్చుకుంటే ఆస్టిన్‌కు రావచ్చు. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో దీని మీద పెట్టుకునే ఆశ అంతా ఇంతా కాదు. తీరా చూస్తే ఆ హామీ లిబరల్ ఆర్ట్స్ కాలేజీకే. కంప్యూటర్ సైన్స్‌కూ, ఇంజినీరింగ్‌కూ, బిజినెస్‌కూ మళ్లీ పోటీ పడాలి, హామీ ఏదీ లేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ కూడా ఈ మేజర్‌లోకి ఎక్కువమందిని హైస్కూలు నుంచే నేరుగా తీసుకుంటుంది. బయటి మేజర్‌లో చేరి తర్వాత లోపలికి జరుగుదామనుకోవడం అక్కడ దాదాపు లాటరీ.

చదువు సంగతి ఇలా ఉంటే, మనిషి సంగతి ఇంకోటి. కాలేజీ మారినవాళ్ల గ్రేడ్లు మొదటి సెమిస్టర్‌లో పడిపోవడాన్ని 1965లోనే జాన్ హిల్స్ అనే పరిశోధకుడు గుర్తించి, దానికి 'ట్రాన్స్‌ఫర్ షాక్' అని పేరు పెట్టాడు. చాలామంది తర్వాత కోలుకుంటారు కూడా. కానీ కోలుకునే ఆ సెమిస్టర్‌లోనే వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌ల ఇంటర్వ్యూలు మొదలవుతాయి. స్నేహబృందాలు ఏర్పడేది మొదటి ఏడాది డార్మిటరీల్లో. మధ్యలో వచ్చినవాళ్లకు చాలాచోట్ల క్యాంపస్‌లో గది ఖాయం కాదు. ఇరవై ఏళ్ల వయసులో రెండోసారి కొత్తవాడు కావడం అంత చిన్న విషయమేమీ కాదు.

ఇంత పోగొట్టుకుని వచ్చేదేమిటి అన్న ప్రశ్న మీద అర్థశాస్త్రవేత్తల జవాబులు రెండు రకాలు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనం బాగా ప్రసిద్ధం. 1976లో కాలేజీలో చేరినవాళ్ల జీతాలను వాళ్లు తర్వాతి కాలంలో చూశారు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, వాటిలో సీట్లు వచ్చినవాళ్లలో, మరింత పేరున్నచోట చేరినవాడూ కాస్త తక్కువ పేరున్నచోట చేరినవాడూ దాదాపు ఒకేలా సంపాదించారు. తేడా కనిపించింది పేద ఇళ్లనుంచి వచ్చినవాళ్లకే. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో ఇంకో మాట చెప్పారు. ఐవీ లీగ్ ఎనిమిదీ, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి పన్నెండింటిలో ఒకదానిలో చదివితే, మంచి ప్రభుత్వ యూనివర్సిటీలో చదివినప్పటితో పోలిస్తే సగటు జీతంలో పెద్ద తేడా రాదు. కానీ దేశంలో అత్యధికంగా సంపాదించే ఒక్క శాతంలోకి చేరే అవకాశం సుమారు సగం మేర పెరుగుతుంది, అగ్రశ్రేణి పీజీల్లో చేరే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మన ప్రశ్నకు దక్కే జవాబు చిన్నది. పెద్ద తేడా కనిపించింది మంచి ప్రభుత్వ యూనివర్సిటీలకూ ఆ పన్నెండింటికీ మధ్య, అదీ పై మెట్టులోనే. ఆ పన్నెండింట్లో ఒకదాని నుంచి ఇంకోదానికో, వాటి వెనకే ఉన్న మంచి యూనివర్సిటీ నుంచి వాటిలోకో మారితే ఎంత తేడా అన్నది ఈ అధ్యయనాలు చెప్పవు. అవి కొలిచింది మొదటి ఏడాది చేరినవాళ్లను. కార్నెల్ నుంచి యేల్‌కు మారి జీవితం మారిపోతుందనుకునేవాళ్లకు వీటిలో ఊతం దొరకదు.

మారినవాళ్ల పేర్లు చెప్పమంటే మాత్రం దండిగా ఉన్నాయి. బరాక్ ఒబామా లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్లు చదివి 1981లో కొలంబియాకు మారారు. డొనాల్డ్ ట్రంప్ ఫోర్డమ్ నుంచి 1966లో వార్టన్‌కు మారారు. ఈ రెండు పేర్లూ ప్రతి కన్సల్టెంటు కరపత్రంలో ఉంటాయి. నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది వారెన్ బఫెట్ దారి. ఆయన వార్టన్‌లో రెండేళ్లు చదివి, అక్కడ నేర్చుకునేది పెద్దగా లేదనుకుని సొంతూరి వైపు, నెబ్రాస్కా యూనివర్సిటీకి మారిపోయి 1950లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత హార్వర్డ్ బిజినెస్ స్కూలు కాదంది. కొలంబియాలో పెట్టుబడుల గురువు బెంజమిన్ గ్రాహమ్ పాఠం చెబుతున్నారని తెలిసి అక్కడికి వెళ్లారు. మొదటిసారి పేరు వదులుకున్నారు, రెండోసారి గురువును వెతుక్కున్నారు.

డబ్బు కోసం మారడం కూడా పూర్తిగా న్యాయమైన కారణం, దాన్ని చెప్పుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి కూడా ఇంటి అవసరాన్ని బట్టి పూర్తి సాయం చేస్తాయి. అయితే మెరిట్ స్కాలర్‌షిప్పులు చాలాచోట్ల మొదటి ఏడాది చేరేవాళ్లకే. ఉన్నచోట అలాంటిది వస్తుంటే, మారిన రోజునే అది పోతుంది. కాగితం మీద లెక్క వేయకుండా కదలకూడదు.

ఇక్కడి నుంచి వెళ్లి ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లకు మరో లెక్క ఉంది. యూనివర్సిటీ సీటిచ్చినంత మాత్రాన మారడం పూర్తి కాదు, విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలోని రికార్డును ప్రస్తుత కాలేజీ కొత్త కాలేజీకి విడుదల చేయాలి, వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం కొత్తది రావాలి, మధ్యలో ఎడం ఉండకూడదు. సెవిస్ ట్రాన్స్‌ఫర్ అంటే తెలుగు రాష్ట్రాల్లో భయం పుట్టించిన సందర్భాలు రెండు. కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో అధికారులు మూసినప్పుడు అందులో ఎక్కువమంది మనవాళ్లే. కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు హైదరాబాద్ పత్రికల మొదటి పేజీల్లో వచ్చాయి. 2019లో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, వల వేయడానికి ప్రభుత్వమే పెట్టిన బూటకమని బయటపడింది. అరెస్టయినవాళ్లలో దాదాపు అందరూ భారతీయులు. ఆ రెండూ మనం మాట్లాడుకుంటున్న తరహా యూనివర్సిటీలు కావు. కానీ 2025 మే 22న ఆ భయం హార్వర్డ్‌కే వచ్చింది. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అర్హతను ప్రభుత్వం రద్దు చేసి, ఉన్నవాళ్లు వేరేచోటికి మారాలి లేదా హోదా పోగొట్టుకోవాలని చెప్పింది. మరునాడే కోర్టు ఆపింది. మే నెలాఖరులో, ట్రాన్స్‌ఫర్ గడువులన్నీ దాటిపోయాక, దాదాపు ఏడు వేల మంది ఎక్కడికి మారతారో ఎవరూ చెప్పలేదు. అదే ఏడాది ఆగస్టులో, ఎఫ్-1 మీద వచ్చిన డిగ్రీ విద్యార్థి మొదటి విద్యా సంవత్సరంలో కాలేజీ మారకుండా కట్టడి చేసే నిబంధనను ప్రతిపాదించారు.

ఇంగ్లండులో ఈ గొడవే లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇంకో యూనివర్సిటీలో మొదలుపెట్టిన డిగ్రీని మధ్యలో అందుకోవు. కావాలంటే మళ్లీ మొదటి ఏడాది నుంచి రావాలి.

మన దేశం ఆ విషయంలో ఇంగ్లండు కంటే కఠినం. సీటు వచ్చిన జులైలోనే ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అంటూ ఐఐటీ సీట్లు పంచే జోసా ఆడించే ఆట ముగిశాక, ఐఐటీలో చేరినవాడు నాలుగేళ్లూ ఆ ఐఐటీలోనే. తిరుపతి ఐఐటీలో సివిల్ చదివేవాడు మొదటి ఏడాదిలో పదికి పది తెచ్చుకున్నా మూడు గంటల దూరంలోని మద్రాస్ ఐఐటీకి మారలేడు. పరీక్ష మళ్లీ రాద్దామన్నా ఒకసారి ఐఐటీలో సీటు పుచ్చుకున్నవాడికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఉండదు. మిగిలింది ఉన్న ఐఐటీలోనే బ్రాంచి మారడం. పిల్లల మీద ఒత్తిడి పెరుగుతోందని కొన్ని ఐఐటీలు ఈమధ్య దాన్నీ ఎత్తేశాయి. బయటి ఇంజినీరింగ్ కాలేజీల్లో మనవాళ్లు కనిపెట్టుకున్న దారి ఒకటుంది. మొదటి ఏడాది మధ్యలో వదిలేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోవడం. అమెరికాలో 43 శాతం క్రెడిట్లు పోయాయని నివేదిక రాశారు, ఇక్కడ నూటికి నూరూ పోతాయి, నివేదిక ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఇరుక్కుంటే మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే ఇస్తామనడం కూడా విన్నదే. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. ఒకచోట సంపాదించిన క్రెడిట్లు డిజిటల్ ఖాతాలో ఉంటాయి, కనీసం సగం పట్టా ఇచ్చే సంస్థలో తెచ్చుకుంటే చాలు, మిగతావి వేరే సంస్థలవైనా సరే. క్రెడిట్లకు బ్యాంకు ఉంది గానీ సీటుకు లేదు. ఖాతా నిండా క్రెడిట్లున్న విద్యార్థిని రెండో ఏడాదిలో చేర్చుకోమని ఏ పెద్ద సంస్థనూ ఆ నిబంధన ఒత్తిడి చేయదు, చేర్చుకునే పద్ధతీ అందులో లేదు.

ఆ పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడం ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. పది శాతం సీట్లు వాళ్లకోసం అదనంగా ఉంటాయి, వాటికి తోడు మొదటి ఏడాదిలో మిగిలిపోయినవీ వస్తాయి. పరీక్ష ఉంది, కౌన్సెలింగ్ ఉంది, ఏ డిప్లొమాకు ఏ బ్రాంచి సరిపోతుందో పట్టిక ఉంది. పదో తరగతి తర్వాత డబ్బుల్లేక పాలిటెక్నిక్‌కు వెళ్లిన పిల్లలు ఆ దారిన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీల్లోకి వచ్చి, ఇంటర్ నుంచి వచ్చినవాళ్ల పక్కనే కూర్చుంటున్నారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లకు ఇచ్చే అవకాశం లాంటిదే ఇది. ఈసెట్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఉస్మానియాలోనో కాకినాడ జేఎన్‌టీయూలోనో రెండో ఏడాది సీటు అడగగలదు. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీలో అదే సీటు అడగడానికి ఆమెకు దరఖాస్తు ఫారమే లేదు.